ఓడ ఎక్కే ముందు పెట్టిన సంతకాలు

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు భీమునిపట్నంలో, మేము భీమిలి అనే ఊళ్ళో, ఒక ఇంటి షెడ్డులోంచి పాత అంబాసిడర్ కారును వెనక్కి నడిపి రోడ్డు మీదికి తెచ్చాను. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. కారు అమ్మినావిడ రాసిచ్చిన ఉత్తరంలో ఉంది. మా ఆవిడ పోయిన తర్వాత ఆమె బీరువా సర్దుతుంటే, ఆమె సర్వీసు కాగితాల కింద ఆ ఉత్తరం దొరికింది. ఎనభైల మొదట్లో రాసినది. సిరా కొంచెం వెలిసింది కానీ చదవడానికి ఇబ్బంది లేదు.

సొంతదారు దగ్గర నేరుగా పాత బండి కొనేవాళ్ళు అప్పట్లో ఇలాంటి ఉత్తరం ఒకటి రాయించుకునేవారు. డెలివరీ లెటర్ అనేవారు. అందులో తేదీతో పాటు గంట కూడా రాయాలి. ఆ గంటకు ముందు ఆ బండి వల్ల ఏ ప్రమాదం జరిగినా, ఏ కేసు వచ్చినా అమ్మినవారిది బాధ్యత. ఆ తర్వాత కొన్నవారిది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పేరు మారడానికి వారాలు పట్టేది కాబట్టి ఆ మధ్యకాలంలో ఇద్దరికీ ఆధారం ఆ ఉత్తరమే.

కారు అమ్మినావిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తెల్లకాగితం మీద తేదీ, సమయం వేసి, ‘నా’ అని రాసి ఆగింది.

“నా బండి అని రాయాలా, మా ఆయన బండి అని రాయాలా?” అని అడిగింది.

మా ఆవిడ పక్క కుర్చీలో నడుముకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. “మా బండి అని రాయండి అక్కయ్యగారూ” అంది.

ఆవిడ ‘నా’ కొట్టేసి ‘మా’ అని రాసింది. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టింది.

కారు మాకు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మా ఆవిడ పెందుర్తిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ శీతాకాలంలో ఆమెకు వెన్నెముక ఆపరేషను అయింది. ఉన్న సెలవులన్నీ వాడేసింది. జీతం లేని సెలవు కూడా వేసవి సెలవుల చివరితో అయిపోతుంది. జూన్‌లో బడి తెరిచిన రోజు హాజరు కాకపోతే ఆ పోస్టు వేరేవారికి ఇస్తామని యాజమాన్యం ఉత్తరం రాసింది. డాక్టరు చెప్పింది కూడా అంతే స్పష్టంగా ఉంది: ఆరు నెలల పాటు బస్సులో నిలబడి ప్రయాణం చేయకూడదు. మేము ఉన్నది నగరంలో. పెందుర్తి బస్సులో కూర్చోవడానికి చోటు దొరికే రోజు వారానికి ఒకటి ఉంటే ఎక్కువ. రోజూ టాక్సీ మా వల్ల కాదు. అందుకని పాత కారు ఒకటి కొని, ఉదయం నేనే ఆమెను దించి వచ్చి మధ్యాహ్నం షిఫ్టుకు రేవుకు వెళ్ళాలని, సాయంత్రం రద్దీ తగ్గాక సీటు దొరికే బస్సులో ఆమె తిరిగి రావాలని అనుకున్నాం. బడి తెరవడానికి ముప్పై ఎనిమిది రోజులు ఉన్నాయి.

నేను రేవులో ట్రాఫిక్ విభాగంలో గుమాస్తాని. కారు సంగతి చెప్పినవాడు మా షెడ్డు ఫోర్‌మన్. నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు స్నేహితుల పిలుపు అంతే. రెండు లారీలు కొని అమ్మినవాడు. ఆదివారాలు రేవు వెనక ఖాళీ స్థలంలో నాకు డ్రైవింగు నేర్పించింది కూడా అతనే.

భీమిలి ఆవిడ భర్త ఓడల మీద ఇంజనీరు. మేము వెళ్ళేనాటికి ఏడాదిన్నర క్రితం, నడిసముద్రంలో, డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఒడ్డు చేరడానికి ఇంకా చాలా రోజులు ఉండడంతో సముద్రంలోనే సాగనంపారు. పిల్లలు లేరు. ఇవన్నీ ఆవిడ మొదటి రోజు, మేము వందనాలు చెప్పి కూర్చున్న వెంటనే, అడగకుండానే చెప్పేసింది. కారు కొనేవాళ్ళకు ఇది ముందే తెలియాలి అన్నట్టు చెప్పింది.

కాగితాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. సీ బుక్కు, అంటే బండి ఎవరిదో చెప్పే రిజిస్ట్రేషను పుస్తకం, టాక్సు కాగితం, ఇన్సూరెన్సు కాగితం వరసగా తీసింది. వాటి కింద దారంతో కట్టిన కట్ట ఒకటి ఉంది. టీవో ఫారాలు. బండి పేరు మార్చాలంటే అమ్మేవారు సంతకం పెట్టవలసిన ఫారాలు. ఏడు జతలు ఉన్నాయి. అన్నిటిలోనూ అమ్మేవారి చోట ఆయన సంతకం ఉంది. మిగతా అంతా ఖాళీ. కొనేవారి పేరు లేదు, తేదీ లేదు.

“ఓడెక్కే ముందు ప్రతిసారీ ఒక జత సంతకం పెట్టి నా చేతికిచ్చేవారు” అంది ఆవిడ. “నాకోసం చూస్తూ కూర్చోకు, అవసరం పడితే అమ్మీయ్, అనేవారు. తిరిగొచ్చేక చింపెయ్యాలి. నానే చింపలేదు. ఎప్పుడో పనికొస్తాయని కాదు, చింపడం మర్చిపోయేదాన్ని. ఆయనొస్తే ఇంట్లో పని అంతలా ఉండేది.”

తర్వాత రేవులో విచారిస్తే, ఓడల మీద వెళ్ళే చాలామంది అలాగే చేసేవారని తెలిసింది. కారుకైనా స్కూటరుకైనా, బయల్దేరే ముందు ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇంట్లో ఇచ్చి వెళ్ళేవారు. ఆరు నెలలో తొమ్మిది నెలలో మనిషి అందుబాటులో ఉండడు. ఇంట్లో జబ్బు చేస్తే ఆ సంతకం కోసం ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోలేరు.

మేము బేరం ముగించి, నేను ముందు చెప్పిన ఉత్తరం రాయించుకుని, కారు తెచ్చుకున్నాం. ఆవిడ ఆ కట్టంతా మాకే ఇచ్చేసింది. “ఏది కావాలో చూసుకోండి బాబూ” అంది. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ వెనక సీట్లో పడుకుని వచ్చింది. అంత దూరం వచ్చినా నొప్పి రాలేదని ఇంటికి వచ్చాక చెప్పింది. తలుపుల కింద ఉప్పుగాలికి తుప్పు పట్టింది తప్ప బండి బాగానే ఉంది.

ఆ సాయంత్రం ఫోర్‌మన్ బండి చూడడానికి వచ్చాడు. బానెట్టు ఎత్తాడు, టైర్లు తన్ని చూశాడు, తర్వాత ఇంట్లోకి వచ్చి ఫారాల కట్ట చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

“ఏడు జతలే! బావా, ఇంకేటి ఆలోసిత్తన్నావ్? సంతకం ఉంది, కాయితం ఉంది, కారుంది. ఆయన పోకముందు తేదీ ఒకటి ఏసీ, నీ పేరు రాసీ, ఆపీసులో పడీ. వారం తిరక్కుండా బుక్కు నీ పేర వచ్చీకపోతే నన్నడుగు.”

“ఆయన లేరు కదా” అన్నాను.

“లేకపోతే మరీ మంచిది. ఉన్నోడైతే రేపొచ్చి నాను అమ్మలేదంటాడు. పోయినోడు అనడు.”

మా ఆవిడ మంచం మీంచే వింటోంది. “వద్దన్నయ్యా” అంది. “ఆయన ఆ సంతకం పెట్టింది ఆవిడ కోసం.”

“ఆవిడ కోసమే కదమ్మా అమ్ముతంది!”

“అది నిజమే. కానీ మనం తేదీ వేస్తే, ఆ తేదీన ఆయన ఇక్కడ కూర్చుని మనకి బండి అమ్మినట్టు. ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో ఓడ పుస్తకంలో ఉంటుంది.”

“సెల్లెమ్మా, ఆపీసోడు ఓడ పుస్తకం సూడ్డమ్మా.”

“మనకి తెలుసు కదా.”

ఫోర్‌మన్ నా వైపు తిరిగి, “లెక్కల మేస్టారమ్మతో ఎలా ఏగుతన్నావ్ బావా నువ్వు?” అన్నాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత గంభీరంగా అడిగింది, సరైన పద్ధతి ఏమిటని. అతను చెప్పాడు: ఆయన పోయినట్టు సర్టిఫికెట్, ఆవిడే వారసురాలని తాసీల్దారు కాగితం, ఆయన తోడబుట్టినవాళ్ళ నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం, అప్పుడు ఆవిడ స్వయంగా సంతకం పెట్టిన ఫారం. “రెణ్ణెల్లు” అన్నాడు. “బడి తెరిసీసి పిల్లలకి పరీచ్చలెట్టీసినాక వస్తాది బుక్కు.”

అక్కడే నేను తప్పు చేశాను. ముప్పై ఎనిమిది రోజులు, రెండు నెలలు, ఈ రెండు లెక్కలే నా బుర్రలో తిరిగాయి. ఆమెకు చెప్పకుండా, మూడో రోజు, ఏడింటిలో ఒక జత తీసి, ఆయన పోవడానికి రెండు నెలల ముందు తేదీ వేసి, నా పేరు రాసి, మిగతా కాగితాలతో కలిపి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇచ్చి వచ్చాను. తేదీ ఆలస్యమైనందుకు జరిమానా కూడా కట్టాను. ఇంటికొచ్చి, భీమిలి ఆవిడతో మాట్లాడాను, పని మొదలైంది, అని చెప్పాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమెకు నేను చెప్పిన అబద్ధాలు చిన్నవి. ఇది మొదటి పెద్దది.

పదకొండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి కార్డు వచ్చింది, వచ్చి కనపడమని. అక్కడ గుమాస్తా ఒక నడివయసు మనిషి. కళ్ళజోడు తాడుతో మెడకు వేలాడేది. నా ఫైలు తీసి రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి నేను పూర్తి చేసిన ఫారం. రెండోది ఇన్సూరెన్సు కాగితం. భర్త పోయిన కొన్ని నెలలకు భీమిలి ఆవిడ ఆ ఇన్సూరెన్సు మళ్ళీ కట్టింది. ఏజెంటు జాగ్రత్త గల మనిషి. సొంతదారు పేరుకు ముందు ‘లేట్’ అని టైపు చేశాడు. నేను ఆ కాగితం ఎన్నిసార్లు చూశానో. చెల్లుబాటు తేదీ చూశాను కానీ పేరు చదవలేదు.

గుమాస్తా ఆ మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు.

“చూడండి గురువుగారూ, ఈ కాగితం ప్రకారం ఈయన పోయారు. ఈ కాగితం ప్రకారం మీకు కారు అమ్మారు.”

“అమ్మిన తేదీ ముందుది కదండీ” అన్నాను.

“ముందు మీకు అమ్మీసిన బండికి, తర్వాత ఆవిడెందుకండీ ఇన్సూరెన్సు కడతాది?”

అతను కళ్ళజోడు తీసి మెడకు వదిలేశాడు.

“మీరు రేవులో పని చేస్తున్నారని రాసేరు. గవర్నమెంటు కాయితాలు మీకూ అలవాటే. నాను దీన్ని పై ఆఫీసరుకి పంపితే కేసవుతాది. పంపలేదు.” ఫారం మడిచి నా చేతికి ఇచ్చాడు. “ఆవిణ్ణి తీసుకురండి. వారసురాలిగా ఆవిడ పెడతాది సంతకం. నా ముందు పెట్టాలి.”

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరగడానికి ఆమెకు కొంచెం సేపు పట్టేది. తిరిగాక అడిగింది.

“భీమిలి ఆవిణ్ణి అడగనే లేదా మీరు?”

“లేదు.”

“ఎందుకు?”

“ఆఫీసుల చుట్టూ తిప్పడం ఎందుకని. ఆవిడ బాధపడుతుందేమో అని.”

“ఆయన పోయాడు. ఆవిడ బతికే ఉంది కదండీ సంతకం పెట్టడానికి. ఆవిణ్ణి వదిలేసి ఆయన్ని పట్టుకున్నారు మీరు.”

కాసేపయ్యాక, బుక్కులో పేరు మారేదాకా తాను ఆ కారు ఎక్కనని చెప్పింది. కోపంతో కాదు. ఇన్సూరెన్సు పోయిన మనిషి పేర ఉంది. దారిలో ఎవరికైనా మన బండి తగిలితే ఆ మనిషికి ఏ కాగితం దిక్కు అని అడిగింది.

మర్నాడే భీమిలి వెళ్ళాను. ఫారాలు తిరిగి ఇచ్చి, నేను చేసింది చెప్పాను. “ఆయన సంతకం చెల్లదన్నారా?” అని మాత్రం అడిగింది. చెల్లదన్నాను. “సరే, అయితే నాదే పెడతాను” అని, చీర మార్చుకుని నాతో బయల్దేరింది.

ఆ తర్వాత జరిగినది తిరగడమే. రేవులో షిప్పింగ్ ఆఫీసు ఉండేది. ఓడల మీద పనిచేసేవాళ్ళ రికార్డులు అక్కడికి చేరతాయి. అక్కడ నాకు తెలిసిన ఒకరి ద్వారా బొంబాయిలో ఆయన ఓడ కంపెనీకి ఉత్తరం రాయించి, పోయినట్టు సర్టిఫికెట్‌కు బదులుగా, ఓడ పుస్తకంలో కెప్టెను ఆ సంగతి రాసిన పేజీకి నకలు తెప్పించాం. దానికి పదిహేను రోజులు పట్టింది. అది వచ్చిన రోజు ఆవిడ మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ చదివి వినిపించనా అని అడిగింది. భీమిలి ఆవిడ తనే తీసుకుని చదువుకుంది. గాలి ఏ వైపు నుంచి వీచిందో, ఎన్ని గంటలకు ఇంజను ఆపారో కూడా ఉంది అందులో. చనిపోయిన స్థలం అన్న చోట ఊరి పేరు లేదు. అక్షాంశం, రేఖాంశం ఉన్నాయి.

తాసీల్దారు ఆఫీసులో గుమాస్తా ఆ నకలు పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇదేటండి, ఊరి పేరు రాయాల్సిన కాడ డిగ్రీలు రాసేరు?”

“సముద్రం అండీ” అన్నాను.

“సముద్రం మాకేటి తెలుస్తాదండి. ఏ ఫిర్కా కిందికొస్తాది?” అన్నాడు. ఫిర్కా అంటే రెవెన్యూ వాళ్ళ లెక్కలో కొన్ని ఊళ్ళ జట్టు.

ఆవిడ ముందుకు వచ్చింది. “ఏ ఫిర్కా కిందికీ రాదు బాబూ. ఇల్లు మాత్రం మీ ఫిర్కా కిందికే వస్తుంది. ఇంటి పన్ను రసీదు తెచ్చేను.”

అతను పక్క బల్ల వైపు చూసి, “ఏం సెయ్యమంటావ్ గురూ?” అన్నాడు. పక్క బల్ల మనిషి తలెత్తకుండా, “ఆవిడ సెప్పింది రాయి. సముద్రం నిన్ను సర్వే సెయ్యమన్లేదు కదా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వింది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు సాక్షి సంతకాలు పెట్టారు.

భీమిలి ఆవిడ భర్త తమ్ముడు పరవాడలో ఉండేవాడు. అక్కడికి వెళ్ళడానికి ఒక రోజు. అతను పొలంలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మేము రాసుకెళ్ళిన ఉత్తరం అంతా చదివించుకున్నాడు. “ఒదినమ్మ కారు ఒదినమ్మ అమ్ముకుంటే నాకేటండి అబ్యంతరం? అడగడమే తప్పు” అని కోప్పడ్డాడు. ఆవిడ, “అడిగింది నాను కాదురా, గవర్నమెంటు” అంది. అప్పుడు పెట్టాడు సంతకం. మాకు ఎండలో ఏమీ తాగకుండా వెళ్ళొద్దని కొబ్బరిబొండాలు కొట్టించాడు.

ఇంత చేసినా బడి తెరిచే రోజుకు బుక్కు రాలేదు. తాసీల్దారు సంతకం ఒక్కటి మిగిలింది. ఆయన ఊళ్ళు తనిఖీ చేసే కేంపులో ఉన్నాడు.

బడి తెరిచే ముందు రోజు సాయంత్రం నేను మా ఆవిడను బతిమాలాను. కారులో వెళ్దాం, నెమ్మదిగా నడుపుతాను, ఏమీ జరగదు, అని. ఆమె నడుముకు బెల్టు కట్టుకుని చూసుకుంటోంది. బస్సు ఎన్ని గంటలకో కనుక్కోమంది. ఫోర్‌మన్ వచ్చి అతని వంతు ప్రయత్నం చేశాడు. “సెల్లెమ్మా, కారు గుమ్మంలో ఎట్టుకుని బస్సెక్కేవాళ్ళని నాను సూళ్ళేదు.” “రేపు చూడొచ్చన్నయ్యా, ఏడు గంటలకి రండి” అంది. అతను నిజంగానే వచ్చాడు. బస్టాండులో ముందే ఎక్కి, సీటు మీద తువ్వాలు వేసి ఉంచాడు.

ఆమె తొమ్మిది పనిదినాలు బస్సులో వెళ్ళింది. నాలుగు రోజులు సీటు దొరికింది. రెండు రోజులు ఎవరో లేచి ఇచ్చారు. మూడు రోజులు నిలబడింది. రెండు రోజులు గోపాలపట్నం నుంచి పెందుర్తి దాకా, ఒక రోజు దారంతా. నేను పక్కనే నిలబడి, కుదుపు వచ్చినప్పుడల్లా చేయి అడ్డం పెట్టేవాణ్ణి. దానివల్ల ఏ ఉపయోగమూ లేదని ఇద్దరికీ తెలుసు. సాయంత్రం రద్దీ తగ్గేదాకా ఆమె బళ్ళోనే కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకుని, తర్వాత బయల్దేరేది. మొదటి రోజు హాజరు పట్టీలో సంతకం పెట్టింది కాబట్టి పోస్టు నిలబడింది.

నేను తేదీ వేసిన ఫారం ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉన్నది పదకొండు రోజులు. ఆదివారాలు తీసేస్తే తొమ్మిది. మొదటి రోజే నేను భీమిలి వెళ్ళి ఆవిణ్ణి అడిగి ఉంటే బుక్కు సమయానికి వచ్చేది. ఆ మాట మా ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేను కూడా పైకి అనలేదు. ఆ ఏడాది చివరికి ఆమె ఎడమ కాలు మొద్దుబారడం మొదలైంది, తర్వాత పూర్తిగా తగ్గలేదు. బస్సు వల్లేనా అని డాక్టరును అడిగాను. అవ్వొచ్చు, కాకపోవచ్చు, ఇలాంటి ఆపరేషన్లలో కొందరికి అలా వస్తుంది, అన్నాడు. ఆయన అంతకంటే చెప్పగలిగింది లేదు. నేను మాత్రం ఆ తొమ్మిది రోజుల్ని తీసేసి ఆలోచించడం ఎప్పటికీ నేర్చుకోలేదు. ఆమె పోయింది వేరే జబ్బుతో, చాలా ఏళ్ళ తర్వాత.

బడి తెరిచిన తొమ్మిదో పనిదినాన ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు పేరు మార్పిడికి రమ్మన్నారు. భీమిలి ఆవిడ ముందే వచ్చి ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. తెల్ల చీర కట్టుకుంది, చేతిలో సంచీ. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో గుమాస్తా బుక్కులు దొంతరగా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక్కొక్క బుక్కు తెరిచి, ముందు అమ్మినవారి పేరు, తర్వాత కొన్నవారి పేరు గట్టిగా పిలుస్తాడు. ఇద్దరూ ముందుకు వచ్చి అతని కళ్ళ ముందు సంతకం పెట్టాలి. లారీలు, స్కూటర్లు అయ్యాయి. మా బుక్కు వచ్చింది. బుక్కులో ఎలా ఉందో అలాగే చదివాడు. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ముందు ఏ మాటా చేర్చకుండా పిలిచాడు.

ఆవిడ లేచి, “వచ్చేమండీ” అంది.

తర్వాత నా పేరు పిలిచాడు. ఆవిడ వారసురాలి చోట సంతకం పెట్టింది, నేను కింద పెట్టాను. గుమాస్తా ఎర్ర సిరాతో ఆయన పేరు మీద గీత గీసి, కింద ఆవిడ పేరు, దాని కింద నా పేరు రాశాడు. ఆవిడ పేరు ఆ బుక్కులో ఉన్నది ఒక్క నిమిషమే. వెంటనే దాని మీద కూడా గీత పడింది. ఆవిడ బుక్కు ఒకసారి అడిగి తీసుకుని, కళ్ళకు దూరంగా పట్టుకుని చూసి, నాకు ఇచ్చేసింది. భీమిలి బస్సెక్కిస్తానంటే వద్దంది. ఊళ్ళో చుట్టాలింటికి వెళ్ళాలంది.

ఆ రోజు షిఫ్టుకు సెలవు పెట్టిన నేను అటునుంచి అటే పెందుర్తి వెళ్ళాను. బడి వదిలే వేళకు గేటు ముందు కారు ఆపి నిలబడ్డాను. మా ఆవిడ పుస్తకాల సంచీతో నెమ్మదిగా నడిచి వచ్చింది.

“అయిందా?”

“అయింది.”

చేయి చాపింది. బుక్కు ఇచ్చాను. అక్కడే గేటు దగ్గర నిలబడి, మూడు పేర్లూ, రెండు గీతలూ, తేదీ, ఆఫీసు ముద్ర చదివింది. పిల్లలు చుట్టూ మూగి, మీ కారా టీచర్, అని అడుగుతున్నారు. అవునంది. తర్వాత వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

ఇప్పుడు బండి పేరు మారితే కార్డు పోస్టులో ఇంటికి వస్తుంది. అమ్మినవారిని, కొన్నవారిని వరండాలో నిలబెట్టి పేర్లు పిలవడం లేదు.